కొబ్బరికాయ కొట్టిన తరువాత ఏమైంది?



ఈసారి కొంచెం పొడుగ్గానే రాస్తున్నాం. తీరిక చూసుకుని చదవండి. చదివాక ఇంట్లో ఫోన్ చూడని పెద్దవాళ్ళకు నాలుగు ముక్కల్లో చెప్పండి. ఇది ఎక్కువగా వాళ్ళ గురించే.

మనవాళ్ళలో ఒక పెద్దమ్మ ఉంది. పేరు రాయం, చాలామందికి తెలిసే ఉంటుంది. ఆమెకు సంధ్యా సురక్ష పింఛను నెలకు 1,200 రూపాయలు వస్తుంది. ఆ డబ్బుతోనే బీపీ మాత్రలు, నూనె, పాలు. ఒక దశలో నాలుగు నెలలు అది రాలేదు. ఆమె మూడుసార్లు బస్సెక్కి ఆఫీసుకు పోయింది. ఒకసారి సర్వర్ లేదన్నారు. ఒకసారి సార్ మీటింగులో ఉన్నారన్నారు. మూడోసారి "పైనుంచే రాలేదమ్మా, వస్తే పడుతుంది" అని పంపేశారు. ఏ ఆఫీసో, ఎవరన్నారో మనకిప్పుడు ముఖ్యం కాదు. "పైన" అంటే ఎక్కడో ఆమెకు ఎవరూ చెప్పలేదు, అది ముఖ్యం.

చివరికి మన పిల్లవాడొకడు ఆమె పక్కన కూర్చుని ఒక్కొక్కటే చూశాడు. డబ్బు మంజూరు అవుతూనే ఉంది. ఆధార్‌కు ముడిపడ్డ బ్యాంకు ఖాతాకు పోతోంది. ఆ ఖాతా, ఎప్పుడో కొడుకు దగ్గర హైదరాబాద్‌లో ఉన్నప్పుడు తెరిచింది. లావాదేవీలు లేక మూతపడింది. పోనీ ఇక్కడి ఖాతాకు మార్పిద్దామంటే పేరు కలవలేదు. అక్కడ తీసిన ఆధార్‌లో మన పద్ధతిలో ఇంటిపేరు ముందు ఉంది. ఇక్కడి కాగితాల్లో ఆమె పేరు ముందు, భర్త పేరు వెనక ఉంది. మనిషి ఒక్కతే, కాగితాల్లో ఇద్దరయ్యారు.

ఇక్కడ మా తప్పు కూడా చెప్పుకోవాలి. ఆ నాలుగు నెలల్లోనే మన గ్రూపులో పింఛన్ల గురించి ఒక రంగుల బొమ్మ తిరిగింది. ఇన్ని లక్షల మందికి ఇస్తున్నాం అని రాసి ఉన్న బొమ్మ. మేమూ దానికి దండం గుర్తు పెట్టాం. మరో రెండు గ్రూపులకు పంపాం. ఆ బొమ్మ కింద "మనవాళ్ళలో ఎవరికైనా ఆగిందా?" అని ఒక్కరం కూడా అడగలేదు. అడిగి ఉంటే మొదటి నెలలోనే తెలిసేది.

ఈ రాత అక్కడ పుట్టింది. ప్రభుత్వం చేసే ప్రతి పనికీ మనం మొదటి రోజు ఫోటో పంచుకుంటున్నాం. రెండో రోజు నుంచి దాన్ని మరిచిపోతున్నాం. సంఘంగా మనం చేయగలిగిన ఉపయోగమైన పని దీనికి తిరకాసుగా ఉండాలని మా అభిప్రాయం. కొబ్బరికాయ కొట్టిన ఫోటో ఎవరైనా పెడతారు. ఆ తరువాత ఏమైందో రాసిపెట్టేది మనం కావాలి.

మన జిల్లాలోనే మూడు పెద్ద పనులు చూద్దాం.

మొదటిది రైలు. బీదర్–కలబురగి లైను 110 కిలోమీటర్లు. 1990ల చివర్లో మంజూరైనప్పుడు అంచనా దాదాపు 370 కోట్లు. ప్రధానమంత్రి వచ్చి పచ్చజెండా ఊపింది 2017 అక్టోబర్ 29న. అప్పటికి ఖర్చు 1,542 కోట్లకు చేరింది. అంటే నాలుగు రెట్లు దాటింది. మంజూరైన రోజు వార్త వచ్చింది, జెండా ఊపిన రోజూ వార్త వచ్చింది. మధ్యలో గడిచిన దాదాపు ఇరవై ఏళ్ళు ఎందుకు గడిచాయో మనలో ఎందరికి తెలుసు? ఆ ఇరవై ఏళ్ళలో కలబురగికి చదువుకో, ఆస్పత్రికో బస్సుల్లో ఒరుసుకుంటూ పోయినవాళ్ళ లెక్క ఎవరూ రాయలేదు. ఇప్పుడు ఔరాద్ మీదుగా నాందేడ్‌కు మరో లైను అంటున్నారు. మన ప్రాంతానికి అది చాలా అవసరం. ఆ పేరు వినగానే మనవాళ్ళు సంబరపడుతున్నారు, పడాల్సిందే. కానీ భూసేకరణ ఎక్కడిదాకా వచ్చింది, రెండు రాష్ట్రాలు తమ వాటా కట్టాయా, ఈ ఏడు బడ్జెట్‌లో ఎంత పెట్టారు అని ఏడాదికొక్కసారైనా అడిగే అలవాటు లేకపోతే ఇది కూడా ముందుదాని బాటే పడుతుంది.

రెండోది విమానం. బీదర్‌లో విమానాశ్రయం 2020 ఫిబ్రవరి 7న మొదలైంది. ఆ రోజు మన గ్రూపు కూడా పండగే చేసుకుంది. తరువాత సర్వీసు ఆగింది. 2022లో ఇంకో సంస్థ మొదలుపెట్టింది, అదీ ఆగింది. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ మొదలైంది. మొదలైన ప్రతిసారీ పూలదండలు. ఆగినప్పుడు మాత్రం టికెట్టు తీయబోయి దొరకనివాళ్ళకే తెలిసింది. మనలో విమానం ఎక్కేవాళ్ళు తక్కువే, అది వేరే సంగతి. కానీ ఒక సేవ మొదలవడం ఎంత వార్తో ఆగిపోవడం అంతకన్నా పెద్ద వార్త. ఆగిన సంగతి తెలిస్తేనే కదా అడిగేది.

మూడోది నీళ్ళు. ఇది మన అందరి ఇంటి సంగతి.

జల్ జీవన్ మిషన్ 2019 ఆగస్టు 15న ప్రకటించారు. కర్ణాటకలో దాన్ని మనె మనెగె గంగె అన్నారు, ఇంటింటికీ గంగ అని. 2024కల్లా ప్రతి పల్లె ఇంటికీ కుళాయి, మనిషికి రోజుకు 55 లీటర్ల నీళ్ళు అన్నది మాట. 2025 బడ్జెట్‌లో గడువును 2028 దాకా పొడిగించారు. మా బంధువుల ఊళ్ళో, పేరు వద్దు, మంచి సిమెంటు రోడ్డు తవ్వి పైపు వేశారు. ఇంటిముందు కుళాయి దిగింది. కుళాయి పక్కన ఇంటామెను నిలబెట్టి ఫోటో తీసుకున్నారు. నీళ్ళు మాత్రం ట్యాంకు కట్టాక అన్నారు. లెక్కలో ఆ ఇంటికి కుళాయి ఉంది. ఇంటామె బిందె ఇంకా బోరింగు దగ్గరే ఉంది. తవ్విన రోడ్డు తవ్వినట్టే ఉంది.

ఇలాంటి చోట ప్రశ్న ఎలా అడుగుతామన్నదాన్ని బట్టి జవాబు వస్తుంది. "కుళాయి వచ్చిందా?" అంటే వచ్చింది. "నీళ్ళు వారానికి ఎన్ని రోజులు, ఎంతసేపు వస్తున్నాయి?" అంటే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెండో ప్రశ్న ఫారంలో ఉండదు. మనమే అడగాలి.

2024 సెప్టెంబర్ 17న కలబురగిలో జరిగిన మంత్రివర్గ సమావేశంలో బీదర్, కలబురగి జిల్లాల ఊళ్ళకు నారాయణపూర్ జలాశయం నుంచి తాగునీరు తెచ్చే పథకం మాట వచ్చింది. 7,200 కోట్లన్నారు. కృష్ణ నీళ్ళు మంజీర పక్కకు వస్తాయంటే ఎవరికి చేదు? కానీ ఇది ఎంత దూరపు పని! రాష్ట్రం ఇచ్చేదెంత, కేంద్రం ఒప్పుకుందా, టెండరు పిలిచారా, మన తాలూకాకు ఏ దశలో వస్తుంది? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసుకోకుండా ఆ వార్తను పంచుకుంటే, పెళ్ళిచూపులకే భోజనాల లెక్క వేసినట్టు అవుతుంది.

నీళ్ళ మాట వచ్చింది కాబట్టి ఒకటి గుర్తు చేస్తాం. బీదర్ పక్కన నౌబాద్‌లో బహమనీల కాలపు కరేజ్ ఉంది. నేల కింద నీళ్ళ సొరంగం. చాలామంది చూసే ఉంటారు. సొరంగం పొడవునా పైనుంచి బావుల్లాంటి నోళ్ళు ఉంటాయి. గాలి వెలుతురు పోవడానికి, మనిషి దిగి పూడిక తీయడానికి. తవ్వినవాళ్ళు తవ్వి వదిలేయలేదు. తరువాత చూసుకునే దారి కూడా అప్పుడే పెట్టారు. మనం వచ్చి ఆ నోళ్ళ మీద రోడ్లూ ఇళ్ళూ కట్టాం, కొన్నిట్లో చెత్త వేశాం. ఐదు వందల ఏళ్ళనాటి ఆ పనిని మళ్ళీ ఈ మధ్య పూడిక తీసి బయటపెట్టాల్సి వచ్చింది. ఇప్పటి పనులకు ఆ చూసుకునే దారి ఏది?

అది తరువాత చెప్తాం. ముందు బీదర్ నగరం సంగతి.

పైన చెప్పిన 2024 సెప్టెంబర్ 17 సమావేశంలోనే బీదర్ నగరసభను మహానగర పాలికె చేయడానికి ఒప్పుకున్నారు. మన కుశనూర్‌కు దానితో ఏం పని అని కొందరు అడిగారు. పని ఉంది. మనవాళ్ళ పిల్లలు చాలామంది బీదర్ చుట్టుపక్కల పల్లెల్లో ప్లాట్లు కొన్నారు. కొన్నప్పుడు అవి గ్రామ పంచాయతీ కింద. ఇ-స్వత్తు కాగితాలు, పంచాయతీ పన్ను. ఊరు పాలికెలో కలిస్తే ఆ రికార్డు నగరం లెక్కలోకి మారాలి. పన్ను మారుతుంది. కట్టుకోవడానికి అనుమతి ఇచ్చే ఆఫీసు మారుతుంది. గ్రామసభ ఉండదు. గ్రామీణ ఉపాధి పని ఉండదు. ఒకప్పుడు 1964 నాటి మున్సిపాలిటీల చట్టం కింద ఉన్నది 1976 నాటి కార్పొరేషన్ల చట్టం కిందికి పోతుంది. అధ్యక్షుడి స్థానంలో మేయర్, పైన కమిషనర్.

మంచి కూడా ఉంది. పెద్ద ఊరైతే నిధులు ఎక్కువ, ఇంజినీర్లు ఎక్కువ, డ్రైనేజీ, చెత్త, వీధిదీపాలు ఒక లెక్కలో పడతాయి. మేము దానికి వ్యతిరేకం కాదు. కానీ "బీదర్ మహానగరమైంది" అన్న ఒక్క వాక్యాన్ని పంచుకుని ఊరుకుంటే, ఆ ప్లాటు కొన్న పిల్లవాడు రేపు ఏ కిటికీ దగ్గర నిలబడాలో తెలియక మధ్యవర్తి చేతిలో పడతాడు. వార్తలో పేరు ఉంటుంది. కిటికీ నంబరు ఉండదు. మనకు కావలసింది కిటికీ నంబరు.

ప్రతి ప్రకటనకూ ఒక హద్దు కూడా ఉంటుంది. బొమ్మల్లో అది కనబడదు. 2023 జూన్ 11న మన రాష్ట్రంలో శక్తి పథకం మొదలైంది, ఆడవాళ్ళకు బస్సు ఉచితం. అదే ఏడు డిసెంబర్ 9న తెలంగాణలో మహాలక్ష్మి వచ్చింది, అక్కడా ఉచితం. మన అక్కలు కొందరు సంతోషంగా జహీరాబాద్ పుట్టింటికి బయలుదేరారు. ఇక్కడి కార్డు అక్కడి బస్సులో చెల్లదు, అక్కడి కార్డు ఇక్కడ చెల్లదు. రెండు ప్రభుత్వాలూ ఉచితమే అన్నాయి, ఎవరూ అబద్ధమాడలేదు. అయినా మన అక్క చేతిలో చిల్లర లేక కండక్టర్ ముందు తల దించుకోవాల్సి వచ్చింది. సరిహద్దులో ఉన్నవాళ్ళకు పథకం పేరు కన్నా దాని హద్దు తెలియడం అవసరం.

మన బతుకే సరిహద్దు బతుకు. 1956 నవంబర్ 1కి ముందు జహీరాబాద్, నారాయణఖేడ్, ఉద్గీర్, నీలంగ అన్నీ బీదర్ జిల్లాలోనే ఉండేవి. గీత గీసినప్పుడు కొన్ని తెలుగు వైపు పోయాయి, కొన్ని మరాఠీ వైపు పోయాయి, మనం కన్నడ వైపు ఉన్నాం. చుట్టాలు మూడు రాష్ట్రాల్లో, కాగితాలు మూడు లిపుల్లో. పెద్దమ్మ పింఛను ఆగింది కూడా ఈ గీత మీదే. ఇలాంటి చిక్కు బెంగళూరులో కూర్చుని ప్రకటన రాసేవాళ్ళకు తోచదు. తోచలేదని తిట్టి లాభం లేదు. మనం చెప్పాలి.

ఇక చూసుకునే దారి సంగతి. అదృష్టం ఏమిటంటే దారులు ఉన్నాయి. మనం వాడటం లేదు.

సకాల చట్టం. 2011లో చేశారు, 2012 ఏప్రిల్ 2 నుంచి రాష్ట్రమంతా అమలు. కుల ధ్రువపత్రం, ఆదాయ ధ్రువపత్రం, ఖాతా మార్పు, జనన మరణ పత్రాలు, ఇంకా ఎన్నో సేవలకు ఇన్ని రోజుల్లో ఇవ్వాలని గడువు ఉంది. దరఖాస్తు తీసుకున్నప్పుడు 15 అంకెల నంబరుతో రసీదు ఇవ్వాలి. గడువు దాటితే రోజుకు 20 రూపాయల చొప్పున 500 రూపాయల దాకా పరిహారం అడగవచ్చు. ఆ డబ్బు పెద్దది కాదు. కానీ ఆలస్యమైందని రాతపూర్వకంగా తేలడం పెద్దది. మనవాళ్ళు ఏం చేస్తారు? తెలిసినవాళ్ళ చేతిలో కాగితం పెట్టి "కొంచెం చూడన్నా" అని వస్తారు. నంబరు లేని కాగితానికి గడువు లేదు. దయచేసి రసీదు లేకుండా కిటికీ దగ్గర నుంచి కదలకండి.

గ్రామసభ. కనీసం ఆరు నెలలకొకసారి జరగాలి. ఓటర్లలో పదో వంతు గానీ వంద మంది గానీ, ఏది తక్కువైతే అంతమంది ఉండాలి. వంద మంది! మన సంఘం ఉగాది భోజనాలకు అంతకన్నా ఎక్కువ మందే వస్తారు. భోజనానికి వచ్చేవాళ్ళలో సగం మంది గ్రామసభకు వచ్చినా ఆ రోజు మాట వేరేగా ఉంటుంది.

జమాబందీ. ఈ మాట వినగానే మన తెలంగాణ చుట్టాలు భూమి శిస్తు లెక్క అనుకుంటారు. కర్ణాటక పంచాయతీల్లో అర్థం వేరు. ఏటా ఆగస్టు మధ్య నుంచి సెప్టెంబర్ మధ్య లోపల, పోయిన ఏడు పంచాయతీ చేసిన పనుల లెక్కలు జనం ముందు పరిశీలించాలి. ఏ పని, ఎంత ఖర్చు, ఎవరు చేశారు, రికార్డులో ఉన్నది నేలమీద ఉందా అని. కరేజ్ మీది నోళ్ళలాంటిదే ఇది. దిగి చూడటానికి చట్టం పెట్టిన దారి. మనం దిగకపోతే పూడుకుపోతుంది.

సమాచార హక్కు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. కర్ణాటకలో ఒక దరఖాస్తులో ఒకే విషయం, 150 మాటలు దాటకూడదని నియమం ఉంది. కాబట్టి ఊరి కష్టాలన్నీ ఒకే కాగితంలో రాస్తే తిరిగి వస్తుంది. ఒక పని, దానికి మూడు ప్రశ్నలు: ఎప్పుడు మంజూరైంది, ఎంత ఖర్చైంది, ఎప్పటికి పూర్తి కావాలి. చాలు.

భాష. ఇది మన పెద్దవాళ్ళు ఎక్కువగా వెనకాడే చోటు. "కన్నడం రాయడం రాదు, ఏం అడుగుతాం" అంటారు. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం, దేశంలో గానీ రాష్ట్రంలో గానీ వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఫిర్యాదు కాగితం ఇచ్చే హక్కు మనకు ఉంది. తెలుగులో ఇవ్వవచ్చు. అయితే జవాబు కూడా తెలుగులోనే ఇవ్వాలని ఆ అధికరణంలో లేదు. అందుకని మా సలహా, ఒక పక్క తెలుగు, ఒక పక్క కన్నడం. మన బడి పిల్లలు కన్నడం చక్కగా రాస్తారు. తలకట్లు, గుణింతాలు దగ్గర దగ్గరగా ఉండే లిపులు, అక్కచెల్లెళ్ళ లాంటివి. తాత చెప్తే మనవరాలు రాస్తుంది. తాతకు తన మాట కాగితం మీదికి వచ్చిందని తెలుస్తుంది, మనవరాలికి ఆఫీసు భయం పోతుంది.

ఇవన్నీ ఎక్కడో జరిగే ఆదర్శాలు కావు. ఉపాధి హామీ చట్టం వచ్చాక 2006 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. ఊళ్ళోని చదువుకున్న కూలీల పిల్లలే మస్టర్ రోళ్ళు పట్టుకుని ఇంటింటికీ పోయి "నీ పేరున ఇన్ని రోజులు రాసి ఉంది, చేశావా, డబ్బు ముట్టిందా" అని అడిగారు. తరువాత అందరి ముందు చదివారు. చనిపోయినవాళ్ళ పేర్లు కూడా మస్టర్లో బయటపడ్డాయి. దేశం దాన్ని చూసి నేర్చుకుంది. అంతకు ముందే 1994లో రాజస్థాన్‌లో కూలీలు, రైతులు జన్ సున్వాయీలు పెట్టి లెక్కలు చదివించారు. సమాచార హక్కు చట్టానికి బాట అక్కడే పడింది. వాళ్ళ దగ్గర స్మార్ట్ ఫోన్లు లేవు. మన దగ్గర ప్రతి ఇంట్లో ఉంది.

డబ్బు లేదని కూడా అనలేం. 98వ రాజ్యాంగ సవరణతో 371(జె) వచ్చింది. మన కల్యాణ కర్ణాటకకు ప్రత్యేక మండలి, ఉద్యోగాల్లో, చదువుల్లో ప్రత్యేక వాటా. ఇటీవలి బడ్జెట్లలో ఆ మండలికి ఏడాదికి 5,000 కోట్ల మాట చెప్తున్నారు. అంత డబ్బు మాట వినబడుతున్నప్పుడు మన బడి గది, మన ఉపకేంద్రం, మన రోడ్డు అందులో ఉన్నాయా అని చూడని సంఘం, తన వాటా ఎంతో తెలియని వారసుడి లాంటిది.

ఇప్పుడు అభ్యంతరాలు. కార్యవర్గంలో మాట్లాడినప్పుడు రెండు వచ్చాయి, రెండూ గట్టివే.

ఒక అన్న అన్నాడు: "మన సంఘం పండగలకూ, పెళ్ళి సంబంధాలకూ, చావు పుట్టుకల్లో తోడు ఉండటానికీ పెట్టుకున్నది. ఇందులోకి రాజకీయం తెస్తే చీలిపోతాం." ఆయన భయం నిజమే. మనలో మూడు పార్టీలవాళ్ళూ ఉన్నారు. అందుకే ఎవరు చేశారు, ఎవరు చేయలేదు అన్న మాట మన పుస్తకంలోకి రానివ్వకూడదు. పని పేరు, తేదీ, ఇప్పటి స్థితి. అంతే. తేదీకి పార్టీ లేదు. ఏ పార్టీ సభ్యుడైనా ఆ పేజీ చదివి తన నాయకుణ్ణి అడగవచ్చు, అలా అడిగితే ఇంకా మంచిది.

ఇంకొక అన్న మాట మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసింది. "ఇక్కడ మనం తక్కువ మందిమి. నోరెత్తితే బయటివాళ్ళు అంటారు. రేపు నా దుకాణం లైసెన్సుకు పోతే ఆ ఆఫీసరే కూర్చుని ఉంటాడు." దీనికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒంటరిగా అడిగినవాడికి ఆ ఇబ్బంది ఉంటుంది, కాదనలేం. అందుకే ఒంటరిగా అడగకూడదంటున్నాం. కాగితం సంఘం పేరుతో పోవాలి. అడిగేది తెలుగువాళ్ళ కోసమే కాకూడదు. పైపు పగిలితే కన్నడం మాట్లాడే ఇంటికీ, మరాఠీ ఇంటికీ, ఉర్దూ ఇంటికీ నీళ్ళు రావు. వాళ్ళను కలుపుకుని పోతే మనం బయటివాళ్ళం ఎలా అవుతాం? ఊరి కుళాయి గురించి అడిగినవాడు ఊరివాడే.

ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళను శత్రువులుగా చూడవద్దని కూడా చెప్పాలి. ఒక మనిషి మీద ముగ్గురి పని ఉంటుంది, సర్వర్ నిజంగానే ఉండదు. పెద్దమ్మ కాగితం సరిచేయడానికి చివరికి సాయపడింది కూడా ఒక ఆఫీసు ఉద్యోగే. సరైన ప్రశ్న సరైన కాగితంతో పోయేసరికి ఆయన కూర్చోబెట్టి చేసి పంపాడు. పేరు మార్పుకు కొన్ని వారాలు పట్టింది, తరువాత పింఛను ఇక్కడి ఖాతాలో పడింది.

కాబట్టి మా ప్రతిపాదన ఇది. పెద్ద ఖర్చు ఏమీ లేదు. ఒక పొడుగు రిజిస్టరు కొందాం. ప్రతి పేజీకి ఐదు గీతలు. పని లేదా సేవ పేరు. ప్రకటించిన తేదీ. పూర్తి కావాల్సిన తేదీ. ఇవాళ్టి స్థితి, చూసి వచ్చినవాళ్ళు రాసేది. ఎవరిని అడగాలి, ఆ కిటికీ. మొదట పది పనులకు మించి వద్దు. కుళాయి నీళ్ళు, బడి, ఉపకేంద్రం, మన రోడ్డు, బస్సు వేళలు, వీధిదీపాలు, పింఛన్లు, పహణిలో పేర్లు, 371(జె) పత్రాలు, నాందేడ్ లైను. పది చాలు.

ఒక్కో పనికి ఇద్దరు సభ్యులు, ఒక పెద్దవాళ్ళు, ఒక చదువుకునే పిల్లలు. ప్రతి నెల మొదటి ఆదివారం ఆ పేజీ ఫోటో గ్రూపులో పెడదాం. ఏమీ మారకపోతే "మారలేదు" అని రాసి పెడదాం. అది కూడా వార్తే, బహుశా అదే పెద్ద వార్త.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్ళు మేమేం చేస్తాం అని అడగకండి. మీ అమ్మానాన్నల ఆధార్ ఏ ఖాతాకు ముడిపడి ఉందో, పేరు రెండు చోట్లా ఒకేలా ఉందో ఈ ఆదివారం ఫోన్ చేసి కనుక్కోండి. పెద్దమ్మలాంటివాళ్ళు మన ఇళ్ళలో ఇంకా ఉండవచ్చు. చెప్పుకోవడానికి మొహమాటపడి ఊరుకుంటున్నారేమో.

ఇకనుంచి గ్రూపులో శంకుస్థాపన ఫోటో వస్తే మేము దండం గుర్తు పెట్టం. కింద ఒక్క ప్రశ్న రాస్తాం: ఎప్పటికి పూర్తవుతుంది? మీరూ రాయండి. కోపంగా కాదు, మామూలుగా, ఇంటికి మేస్త్రీని పెట్టుకున్నప్పుడు అడిగినట్టు.

రిజిస్టరు పట్టుకోవడానికి ముందుకొచ్చేవాళ్ళు కింద పేరు, ఏ పని చూస్తారో రాయండి. పింఛన్ల పేజీ మేము తీసుకున్నాం. మొదటి గీతలో పెద్దమ్మది రాశాం. చివరి గీతలో "వచ్చింది" అని రాసి తేదీ వేశాం. మిగతా పేజీలు ఖాళీగా ఉన్నాయి.